25 వేలకు గుర్రాన్ని ఎవరు వదులుకుంటారు?

గుర్రాలకు, గాడిదలకు వచ్చే గ్లాండర్స్ అనే అంటుజబ్బుకు టీకా లేదు. పరీక్షలో జబ్బు ఉందని తేలితే ఆ జంతువును చంపి లోతుగా పూడ్చాల్సిందే, ఎందుకంటే ఇది మనుషులకూ అంటుకుంటుంది, సకాలంలో గుర్తించకపోతే ప్రాణాలు తీస్తుంది. మన దేశంలో 2006లో మళ్లీ తలెత్తింది, ఇప్పటికీ వదల్లేదు.

పరీక్షలు మాత్రం చాలా మెరుగుపడ్డాయి. ఒకప్పుడు గుర్రం కింది కనురెప్పలోకి మల్లీన్ (ఈ జబ్బు క్రిముల నుంచే తీసిన పరీక్ష ద్రవం) ఎక్కించి, రెండు రోజులు ఆగి, రెప్ప వాచిందా, కంట్లోంచి చీము కారుతోందా అని చూసేవాళ్లు. ఇప్పుడు కాస్త రక్తం తీసి పంపితే చాలు, హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం తయారుచేసిన ఎలిసా పరీక్షతో ఒకేసారి చాలా నమూనాలు చూసేయొచ్చు. 2025లో మీరట్ కంటోన్మెంట్‌లోని సైనిక గుర్రాల కేంద్రానికి గ్లాండర్స్ లాంటి జబ్బులు లేని ప్రాంగణంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, మన పోటీ గుర్రాలు విదేశాలకు వెళ్లే దారి తెరుచుకుంది. సంతోషించాల్సిన విషయమే.

మరి ఇటుక బట్టీలో బరువులు మోసే కంచర గాడిదను ఎవరు చూస్తున్నారు? ముక్కులోంచి చిక్కటి చీమిడి, చర్మం కింద వరసగా గడ్డలు, అవి పగిలి కారే జిగట చీము, అయినా పొద్దున్నే మిగతావాటితో కలిసి అదే తొట్టిలో నీళ్లు తాగుతుంది. యజమానికి అనుమానం వస్తుంది. కానీ డాక్టర్‌కి చూపిస్తే రక్తం తీస్తారు, పాజిటివ్ వస్తే జంతువు పోతుంది, చేతికొచ్చే పరిహారం గుర్రానికి 25 వేలు, గాడిదకైనా కంచర గాడిదకైనా 16 వేలు. ఆ డబ్బుతో పనికొచ్చే జంతువు మళ్లీ దొరకడం కష్టం. అందుకే నోరు విప్పడు, లేదంటే దూరంగా ఏదో సంతలో అమ్మేస్తాడు, దాంతోపాటే జబ్బూ ఊరు మారుతుంది. అతన్ని మేం తప్పుపట్టలేం, ఆ ఇల్లు గడిచేదే దాని మీద.

ఇది ఉత్తరాది గొడవ, మనకెందుకులే అనుకోవద్దు. పాడేరు ఏజెన్సీలో రోడ్డు లేని గూడేలకు సరుకులు మోసేది గుర్రాలే. హైదరాబాద్ బరాత్‌లలో పిల్లలు ముట్టుకుని మురిసిపోయేదీ గుర్రాన్నే. పొలంలో పాము కరిచిన రైతుకు ఆస్పత్రిలో ఎక్కించే విరుగుడు కూడా గుర్రం రక్తం నుంచే తయారవుతుంది.

బ్రిటన్‌లో చివరి కేసు 1928లో వచ్చింది. టీకా లేకుండానే, వెతికి పట్టుకుని తొలగించడం ద్వారానే అక్కడ జబ్బు పోయింది. మనమూ అదే చేయాలంటే పరిహారం సంత ధరకు తగ్గకూడదు, అదీ జంతువును చంపిన వారంలోపే యజమాని ఖాతాలో పడాలి. పశుసంవర్ధక శాఖ సిబ్బంది కబురు కోసం ఎదురుచూడకుండా బట్టీలకు, సంతలకు తామే వెళ్లి రక్తం తీయాలి. పాజిటివ్ వచ్చిన చోట ఆ జంతువుకు మేత వేసి, ఒళ్లు తోమే మనిషికీ, అతని ఇంట్లోవాళ్లకూ అప్పటికప్పుడే ఉచితంగా పరీక్ష చేయించాలి.