చోటు ఖాళీ చేయడం మర్యాద కాదు, విధి

భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున, ఉపగ్రహం భూమితో సమంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపించే భూస్థిర కక్ష్య ఒక్కటే. ప్రపంచమంతా దాన్నే పంచుకోవాలి. 1964లో సింకామ్-3 ఉపగ్రహం అక్కడ కుదురుకున్న నాటి నుంచి ఎన్నో దేశాల టీవీ ప్రసారాలు, సముద్రంలో నౌకల సమాచారం ఆ వలయం మీదే ఆధారపడ్డాయి. అంతటి చోటును, పని ముగిశాక ఖాళీ చేయడమన్నది మాత్రం నేటికీ చాలావరకు ఉపగ్రహ సంస్థల సదుద్దేశానికే వదిలేశారు. ఇది సరికాదు.

నేలమీది డిష్‌కు కదలనట్టు కనిపించే ఉపగ్రహం నిజానికి క్షణం కుదురుగా ఉండదు. సూర్యచంద్రుల ఆకర్షణ దాని కక్ష్యను ఏటా డిగ్రీకి కాస్త తక్కువగా వంచుతుంది. భూమి ఆకారంలోని అసమానత తూర్పుకో పడమరకో లాగుతుంది. థ్రస్టర్లనే చిన్న ఇంజిన్లు మండించి పదే పదే దాన్ని చోటుకు తేవాలి. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల రోజుల్లో భూమి నీడ రోజూ 72 నిమిషాల దాకా కమ్మేస్తే బ్యాటరీలే దిక్కు. పదిహేనేళ్లు ఇలా గడిచాక చాలాసార్లు సంకేతాలు అందుకుని తిరిగి పంపే ట్రాన్స్‌పాండర్లు బాగానే ఉంటాయి, ఇంధనమే నిండుకుంటుంది.

చిక్కంతా ఇక్కడే. ఉపగ్రహాన్ని సుమారు 300 కిలోమీటర్లు పైకి, ఎవరికీ అడ్డురాని కక్ష్యకు చేర్చాలంటే దాదాపు మూడు నెలల నిర్వహణకు సరిపడే ఇంధనం కావాలి. మూడు నెలలంటే ఆదాయం. పైగా భారరహిత స్థితిలో ట్యాంకులో ఎంత మిగిలిందో కచ్చితంగా తేల్చడం కష్టం. 2022లో ఎకోస్టార్-7 ఉపగ్రహం విషయంలో జరిగింది అదే. ఇంధనం చాలక అది భూస్థిర కక్ష్యకు 122 కిలోమీటర్ల పైనే ఆగిపోయింది. మరుసటి ఏడాది అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, ఆ ఉపగ్రహాన్ని నడిపిన డిష్ సంస్థపై 1,50,000 డాలర్ల జరిమానా వేసింది. అంతరిక్ష వ్యర్థాల విషయంలో ఆ సంస్థ వేసిన తొలి జరిమానా అది. ఆ చొరవను స్వాగతిస్తున్నాం, కానీ అంత పెద్ద వ్యాపారానికి ఆ మొత్తం ఏ మూలకు?

అక్కడ గాలి లేదు, కిందికి లాగి కాల్చేసే వాతావరణం లేదు. వదిలేసిన ఉపగ్రహం లక్షల ఏళ్లు అక్కడే తచ్చాడుతుంది. 2024 అక్టోబరులో ఇంటెల్‌శాట్-33ఈ ఉపగ్రహం ముక్కలైంది. ఆ శకలాలను ఏరి తేగల వ్యవస్థ ఎవరి దగ్గరా లేదు.

మార్గం లేకపోలేదు. 2020లో ఎంఈవీ-1 అనే వాహనం ఇంటెల్‌శాట్-901 ఉపగ్రహాన్ని పట్టుకుని దాని ఆయుష్షు పొడిగించింది, చివరికి ఎవరికీ అడ్డురాని ఆ పై కక్ష్యలోనే వదిలింది. అయితే ఇలాంటి సాయం అందుతుందన్న ధీమాతో సొంత నిల్వను ఖర్చు చేయనివ్వకూడదు. చివరి ప్రయాణానికి అవసరమైన ఇంధనాన్ని, లెక్కల్లో తేడాకు కొంత అదనం కలిపి, లైసెన్సులోనే నిర్ణయించాలి. గడువు పెంచమని అడిగే ప్రతిసారీ ఆ నిల్వకు రుజువు చూపించమనాలి. అంతర్జాతీయ మార్గదర్శకాలు సలహాలుగానే ఉన్నంతకాలం, అనుమతులిచ్చే ప్రతి దేశమూ వాటిని తన చట్టంలో చేర్చుకోవాలి.