బెంచీ మీద కూర్చున్న కర్ర

అమెరికా కళాశాలల తొలినాటి మంచు హాకీ కర్రలను సేకరించే సజ్జనులను చూసి నవ్వేవారంటే నాకు జాలి. వంకర కట్టెకు ఇంత ధరా అని వారు ముక్కున వేలేసుకుంటారు. ఆ వంకరలోనే విషయమంతా ఉన్నదని గ్రహించరు. కెనడాలోని నోవాస్కోషియాలో మిక్‌మాక్ తెగ పనివారు, చెట్టు మొదలు వేరులోకి తిరిగే చోట సహజంగా ఏర్పడిన వంపును వెతికి పట్టుకుని, హార్న్‌బీమ్ వంటి చేవగల కలపతో కర్రను ఏకాండీగా చెక్కేవారు. నాగలికి వంపు దుంగ కోసం తుమ్మచెట్ల చుట్టూ ప్రదక్షిణలు చేసిన మన వడ్రంగులకు ఈ రహస్యాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ రంగంలో మోసాలు లేకపోలేదు. 1894-95 చలికాలంలో కొందరు విద్యార్థులు కెనడా వెళ్లి హాకీ నేర్చుకుని వచ్చేదాకా, అమెరికా కళాశాలలవారు పొట్టి కర్రలతో, బంతితో ఐస్ పోలో ఆడేవారు. ఆ పొట్టి కర్రను హాకీ కర్రగా అంటగట్టే వ్యాపారి ముందు మన సేకర్త చేతిలో కొలత టేపు పట్టుకుని నిలబడక తప్పదు.

అసలు చిక్కు వేరే ఉంది. 1896 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లో యేల్, జాన్స్ హాప్కిన్స్ జట్లు తలపడి 2-2తో సరిసమానంగా ముగించాయి. ఆ రోజుల్లో జట్టుకు ఏడుగురు. ఆట మధ్యలో ఆటగాణ్ణి మార్చడం అరుదు. అంటే బరిలోకి దిగినవాడి కర్ర చివరిదాకా మంచును గీకి, ఎదుటివాడి కర్రతో ఢీకొని, ఒకనాటికి నిలువునా చీలేది. చీలిన ఎండుకట్టె గడ్డకట్టే చలిలో ఏమవుతుందో తేల్చడానికి పరిశోధకులు అక్కరలేదు, పొయ్యిలోకి పోతుంది. కాబట్టి నూట పాతికేళ్ల తరువాత, అంచు అరగకుండా, పిడి నునుపు చెడకుండా అద్దాల బీరువాలోకి చేరే కర్ర ఎవరిదై ఉంటుంది? కోటు గుండీలన్నీ పెట్టుకుని బెంచీ మీద ముడుచుకుని కూర్చున్న ఆ ఎనిమిదో కుర్రవాడిది.

కర్ర బతకాలంటే ఆటకు దూరంగా ఉండాలన్నది బెంచీకే పరిమితమైన సూత్రం కాదు. కళాశాలది కాకపోయినా, 1830ల నాటిదని తేలిన ఒక నోవాస్కోషియా కర్ర క్షవరశాల గోడకు వేలాడుతూ నిక్షేపంగా ఉండి, వెయ్యి డాలర్లకు చేతులు మారి, 2015లో మూడు లక్షల కెనడా డాలర్లకు కెనడా చరిత్ర మ్యూజియం చేరింది.

నాకూ ఈమధ్య ఒక వ్యాపారి కళాశాల కర్ర చూపించాడు. అంచు మీద ఒక్క గీత లేదు. యజమాని గొప్ప ఆటగాడని ప్రమాణపత్రం ఇస్తానన్నాడు. అది వద్దన్నాను, ఆ సీజనంతా అతణ్ణి బరిలోకి దింపలేదని జట్టు కెప్టెన్ రాసిన చీటీ ఉంటే, చెప్పిన ధరకే తీసుకుంటానన్నాను. వెతుకుతున్నాడు.