సీసా మీద పేరు

మా అక్క ఇంట్లో బీరువా పైన ఎమ్మారై కవర్లు దొంతరగా ఉంటాయి. మొత్తం 11. అన్నీ తొమ్మిదేళ్ల మా మేనల్లుడివే. చిన్నమెదడులో గడ్డ తీసి, రేడియేషన్, కీమో అయ్యాక కూడా, మూడు నెలలకోసారి వాణ్ణి గుంటూరు నుంచి విజయవాడ సూర్యారావుపేట తీసుకెళ్లి స్కాన్ తీయిస్తున్నారు. పోయిన డిసెంబరులో నేనూ వెంట వెళ్లాను.

కౌంటర్లో అడిగింది ఒక్కటే: "ప్లెయినా, కాంట్రాస్టా?" కాంట్రాస్ట్ అంది అక్క, అంటే స్కాన్‌లో గడ్డ బాగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే మందు. ఏ కాంట్రాస్ట్ బాబూ అని టెక్నీషియన్ కుర్రాణ్ణి అడిగితే, "అన్నీ గాడోలినియమే కదండీ" అని నవ్వాడు. ఇంటికొచ్చి కవర్లన్నీ దించాను. ఏ మందు ఇచ్చారో, ఎన్ని ఎంఎల్ ఇచ్చారో ఒక్క రిపోర్టులోనూ లేదు.

అన్నీ గాడోలినియం అనే లోహంతో చేసినవే, నిజమే. విడిగా అది ఒంటికి విషం కాబట్టి ఇంకో అణువులో కట్టి ఇస్తారు. లీనియర్ రకాల్లో ఆ కట్టు కాస్త వదులు. మాక్రోసైక్లిక్ రకాల్లో పంజరంలో పెట్టినట్టు గట్టిగా ఉంటుంది. పలుమార్లు కాంట్రాస్ట్ ఎక్కించుకున్నవాళ్ల మెదడులో కొన్ని చోట్లు మందు ఇవ్వకముందే స్కాన్‌లో తెల్లగా కనిపిస్తున్నాయని 2014లో జపాన్ వైద్యులు రాశారు. అందులో ఒకటి చిన్నమెదడులోదే. 2017లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ మెదడు స్కాన్లకు లీనియర్ రకాలు వాడొద్దంది. అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఆపలేదు గానీ గాడోలినియం మెదడులో, ఒంట్లో మిగిలిపోతుందని హెచ్చరిక చేర్చింది, పిల్లల సంగతి అందులో ప్రత్యేకంగా చెప్పింది. మాక్రోసైక్లిక్ మందులూ మిగులుతాయి, కాకపోతే చాలా తక్కువ.

అలా మిగిలినదాని వల్ల పిల్లల తెలివి దెబ్బతిందని ఎవరూ తేల్చలేదు. తేల్చడం కష్టం కూడా. మావాడు ఎక్కాలు మరిచిపోతున్నాడంటే గడ్డ, ఆపరేషన్, రేడియేషన్, కీమో, దేన్నని అనుమానించాలి? వాట్సాప్‌లో ఏదో చూసి కాంట్రాస్టే వద్దనేవాళ్లతో నేను కలవను. గడ్డ మళ్లీ మొలుస్తుంటే మందు లేకుండా అది కనిపించకుండా పోవచ్చు. ఈసారి మందు తప్పదా అని క్యాన్సర్ డాక్టరుగారిని ముందే అడగొచ్చు, నిర్ణయం మాత్రం ఆయనదే.

నేను అడిగేది పేరు, మోతాదు రిపోర్టులో రాయమని. జ్వరం మాత్ర కొన్నా అట్ట మీద పేరు చూస్తాం. వేలు పోసి పిల్లాడి నరంలోకి ఎక్కించే మందుకి ఆ మాత్రం లేదా? అయినా స్కాన్ సెంటర్లనే అనడమెందుకు, దూరంగా ఉండి డబ్బు పంపి "రిపోర్టు ఏమొచ్చింది?" అని 11 సార్లూ అడిగినవాణ్ణి నేనే. ఏం మందు పెట్టారని ఒక్కసారీ అడగలేదు.

మార్చిలో అక్క ఖాళీ సీసా ఫోటో పంపింది. గాడోటెరేట్, మాక్రోసైక్లిక్ రకమే. రిపోర్టు అంచున పెన్నుతో 4 ఎంఎల్ అని రాసుంది. వాడి బరువు 20 కిలోలు, కిలోకి 0.2 ఎంఎల్ చొప్పున లెక్క సరిపోయింది. "రాసిందాకా కదల్లేదురా" అంది అక్క.