ఆ అరనిమిషం ఎందుకు కోశారు?

రాత్రి టీవీలో గీతాంజలి సినిమా వచ్చింది. అన్నాలు తిని అమ్మా నేనూ చూస్తూ కూర్చున్నాం. క్లైమాక్స్‌లో వయొలిన్లు మెల్లగా లేస్తున్నాయి, అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. సరిగ్గా అప్పుడే టక్కున కోసేసి సబ్బు ప్రకటన వేశారు! "పోనీలే నాన్నా, కథ అయిపోయిందిగా" అంది అమ్మ. నాకైతే ఒళ్లు మండిపోయింది.

కథ అయిపోతే సంగీతమూ అయిపోయినట్టేనా? మనతో పాటు పక్క మీద దాకా వచ్చేది ఆ చివరి అరనిమిషమే కదండీ!

1989 సినిమా అది. ఊటీ మంచు, పి.సి.శ్రీరామ్ కెమెరా. హీరోయిన్‌కి గుండె జబ్బు. ఇళయరాజా ఒక పాటలో ఆ గుండె చప్పుడునే తాళంగా వాడేశాడు. అదే ఏడాది, గీతాంజలి హీరో నాగార్జునతోనే శివ వచ్చింది. అక్కడ కాలేజీ, రౌడీలు, సైకిల్ చైన్. మళ్లీ ఇళయరాజానే, కానీ ఆ టెన్షన్ వేరు, ఆ గాలే వేరు. కళ్లు మూసుకుని విన్నా ఏది ఊటీయో, ఏది ఆ కాలేజీయో చెప్పేయొచ్చు.

ఇప్పుడు? హీరో కారు దిగితే కోరస్, నడిస్తే కోరస్, వెనక్కి తిరిగితే ఇంకా పెద్ద కోరస్. డైలాగ్ వినపడి చావదు. కుర్చీలు అదిరాయి సరే, ఇంటికొచ్చాక ఒక్క ముక్కయినా నోట్లో ఆడుతుందా? కాసేపు ఊరుకుంటేనే కదా తర్వాత వచ్చే ఒక్క ఫ్లూటు గుండెలో దిగేది. ఆ ఊరుకోవడమే ఎవరికీ చేతకావడం లేదు.

అసలు నేపథ్య సంగీతాన్ని మనవాళ్లు ఎప్పుడు లెక్కచేశారు గనక? క్యాసెట్ కొంటే పాటలే ఉండేవి. రీరికార్డింగ్, అదే ఆ నేపథ్య సంగీతం, కావాలంటే దూరదర్శన్‌లో సినిమా వేసిన సాయంత్రం టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి, ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వకుండా రికార్డు చేసుకునేవాణ్ణి. అలా చేసిన గీతాంజలి టేపులో ఒకచోట మా కుక్కర్ విజిల్ పడింది. ఈ రోజుకీ ఆ వయొలిన్లు వస్తుంటే నా చెవి ఆ విజిల్ కోసం చూస్తుంది, పప్పు వాసనతో సహా. పాతికేళ్లు దాటినా ఒక ట్యూన్ మనిషిలో ఇలా ఉండిపోతుంది. దాన్ని పట్టుకుని 'ఖాళీలు నింపే మ్యూజిక్' అంటారా?

ఇళయరాజాకి మలయాళం పళశ్శిరాజా నేపథ్య సంగీతానికి జాతీయ అవార్డు ఇచ్చారు. అది 2009 సినిమా. గీతాంజలి వచ్చిన ఇరవై ఏళ్లకన్నమాట!

ఛానల్ వాళ్లూ, ఈసారి వేసినప్పుడు ఆ ఆఖరి వయొలిన్ ఆగేదాకా ఆగండి. ఆ తర్వాత తెల్లారేదాకా సబ్బులు అమ్ముకోండి, నేను అడగను.