సీసాల రివ్యూని చట్టబద్ధం చెయ్యాలి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ నిబంధనలు రాసే పెద్దలకి నాదొక విన్నపం. 2024 అక్టోబర్ 19న ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీ అభిమానులు కనిపెట్టిన అప్పీలు పద్ధతిని దయచేసి నిబంధనల పుస్తకంలోకి ఎక్కించండి. ఒకసారి పనిచేసి చూపించింది కదా, ఇంకా మీనమేషాలు దేనికి?

చూడనివాళ్ళ కోసం చెప్తున్నా. జార్జియాతో మ్యాచ్, మూడో క్వార్టర్, టెక్సస్ 23-8తో వెనకబడి ఉంది. జార్జియా వాళ్ళు విసిరిన బంతిని టెక్సస్ డిఫెండర్ జాడే బ్యారన్ మధ్యలో లాగేసుకుని, జార్జియా గోల్ గీతకి ఇంకా 9 గజాలే ఉందనగా ఆగాడు. జనం ఊగిపోతున్నారు. తీరా చూస్తే వెనకాల గడ్డి మీద, తప్పు జరిగిందని రిఫరీ విసిరే పసుపు ఫ్లాగ్ పడి ఉంది. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అట, అంటే బంతి అందుకోబోతున్న రిసీవర్‌ని ముందే పట్టుకుని ఆపేశాడని అభియోగం. బంతి మళ్ళీ జార్జియాకే. అంతే, స్టాండ్స్‌లోంచి నీళ్ళ సీసాలు వానలా పడ్డాయి. టెక్సస్ కోచ్ సార్కీషియన్ స్వయంగా వెళ్ళి, బాబ్బాబూ ఆపండర్రా అని బతిమాలుకోవాల్సి వచ్చింది. మైదానం శుభ్రం చేస్తున్న ఆ కాస్త టైములో రిఫరీలంతా ఒకచోట చేరి మాట్లాడుకుని, అబ్బే, తప్పేం లేదు, బంతి టెక్సస్‌దే అని ప్రకటించారు. కాసేపట్లోనే టచ్‌డౌన్, అంటే బంతి గోల్ గీత దాటేసింది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, కాలేజీ ఫుట్‌బాల్‌లో పాస్ ఇంటర్‌ఫియరెన్స్ పడిందా లేదా అన్నది వీడియో రివ్యూకి రాదు. రిసీవర్ బూటు మొన గీతకి ఇవతల తగిలిందా అవతల తగిలిందా అని ఆరు కెమెరాల్లో ఫ్రేము ఫ్రేముగా చూస్తారు, మ్యాచ్ తలరాత మార్చే నిర్ణయాన్ని మాత్రం ముట్టుకోరు. కెమెరా చెయ్యలేని పని ప్లాస్టిక్ సీసా చేసింది. సీసాలకీ నిర్ణయానికీ సంబంధం లేదనుకోండి, ఏరే లోపు పెద్దమనుషులకి మాట్లాడుకునే తీరిక దొరికిందంతే. తర్వాత ఈ రెండు జట్లూ ఆడే ఎస్ఈసీ లీగ్ పెద్దలు, మొదటి నిర్ణయం సరిగ్గా జరగలేదని ఒప్పుకుంటూనే టెక్సస్‌కి 2,50,000 డాలర్ల జరిమానా వేశారు. అంటే తీర్పు ఖాయం, అప్పీలు ఫీజు రెండున్నర లక్షలు. రేటు కూడా వాళ్ళే ఖరారు చేశాక చట్టం చెయ్యడానికి అడ్డేంటి? జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్ ఒక్కడే, వస్తువులు విసిరితే రిఫరీల నిర్ణయం మారే అవకాశముందని ఇప్పుడొక ఆనవాయితీ పెట్టేశారు కదా అన్నాడు. 30-15తో గెలిచాడు కాబట్టి అంత నిదానంగా అన్నాడు, ఓడిపోయి ఉంటే ఏమనేవాడో.

అసలు నిబంధన చదివితే సీసాలు ఎంత నాగరికమైన పద్ధతో తెలుస్తుంది. డిఫెండర్ రిసీవర్‌ని తగలడం ఒక్కటే నేరం కాదు, అడ్డుకోవాలన్న అతని ఉద్దేశం స్పష్టంగా కనబడాలి. పైగా ఆ బంతి అందుకోగలిగేదై ఉండాలి. పూర్తి వేగంతో పరిగెడుతున్న ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడి మనసులో ఏముందో, పక్కనే పరిగెడుతున్న రిఫరీ క్షణంలో చెప్పాలన్నమాట. మన దగ్గర ఆ పని సోది చెప్పేవాళ్ళకి అప్పగించారు, వాళ్ళు కనీసం చెయ్యి చూపించమంటారు.

శిక్ష ఇంకా బాగుంటుంది. ప్రొఫెషనల్ లీగ్‌లో తప్పు ఎక్కడ జరిగితే బంతి అక్కడికి వెళ్తుంది, నలభై గజాల దూరంలో పట్టుకుంటే నలభై గజాలూ పోయినట్టే. కాలేజీలో ఎంత దూరమైనా గరిష్ఠం 15 గజాలే. కాబట్టి లెక్క వచ్చిన ఏ డిఫెండర్ అయినా, ప్రత్యర్థి తనని దాటేసి టచ్‌డౌన్ కొట్టబోతున్నాడని అర్థమైన మరుక్షణం పెళ్ళిలో బావమరిదిని వాటేసుకున్నట్టు వాటేసుకుంటాడు. చదువుకునే చోటు కదా, పిల్లలకి ఆ మాత్రం బేరం తెలియాలి.

ఇక క్యాచ్. బంతిని గట్టిగా పట్టుకోవాలి, మైదానంలో ఒక్క కాలైనా ఆనాలి, ఆపైన 'ఆటలో మామూలుగా చేసే పని' ఏదో ఒకటి చెయ్యగలిగేంత సేపు బంతి చేతిలో ఉండాలి. చెయ్యక్కర్లేదు, చెయ్యగలిగేంత సేపు చాలు. సందేహం వస్తే క్యాచ్ కాదు. అదే ఇద్దరూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం విసిరిన జట్టుదే. 2023 జూన్‌లో ఓవల్‌లో గిల్ కొట్టిన బంతిని పట్టింది గ్రీనా గడ్డా అని నెలరోజులు కొట్టుకున్నాం గానీ, మనది చాలా సులువైన కేసు.

ఈ వ్యవహారంలో మయామీ యూనివర్సిటీ జట్టుకున్నంత అనుభవం ఇంకెవరికీ లేదు. 2003 జనవరి 3, ఫియెస్టా బౌల్, జాతీయ చాంపియన్‌షిప్. వరసగా 34 మ్యాచ్‌లు గెలిచొచ్చిన మయామీ, ఓవర్‌టైమ్‌లో 24-17 ఆధిక్యం, ఒహాయో స్టేట్‌కి ఆఖరి అవకాశం, పాస్ కింద పడింది. ఆటగాళ్ళు మైదానంలోకి దూకారు, ఆకాశంలో టపాసులు పేలాయి, అప్పుడు టెర్రీ పోర్టర్ అనే రిఫరీ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అంటూ తాపీగా ఫ్లాగ్ తీసి విసిరాడు. సరైనదో కాదో అని మనసులో మరోసారి ఆడించి చూసుకున్నానని తర్వాత చెప్పాడు. వీడియో రివ్యూని బిగ్ టెన్ లీగ్ ప్రయోగంగా మొదలుపెట్టింది 2004లో, ఈయన అంతకు ముందే సొంత బుర్రలో పెట్టుకున్నాడు. రెండో ఓవర్‌టైమ్‌లో ఒహాయో స్టేట్ 31-24తో గెలిచింది. మయామీ వాళ్ళ పొరపాటల్లా సీసాలు విసరాల్సిన టైములో సంబరం చేసుకోవడమే.

అదే మయామీ 2024 సెప్టెంబర్‌లో వర్జీనియా టెక్‌తో 38-34 ఆధిక్యంలో ఉండగా, ప్రత్యర్థి చివరి బంతిని దేవుడి మీద భారం వేసి విసిరితే గోల్ గీత అవతలి ఎండ్ జోన్‌లో గుట్టగా పడ్డవాళ్ళ మధ్య క్యాచ్ అయింది, టచ్‌డౌన్ అన్నారు. చాలాసేపు వీడియో చూసి కాదన్నారు. ఇరవై ఏళ్ళుగా రిఫరీల కళ్ళని తిట్టుకుంటున్న ఊరికి ఆ రాత్రి రిఫరీ వ్యవస్థ మీద అపారమైన గౌరవం పుట్టుకొచ్చింది.

పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ని కూడా వీడియోలోనే చూడొచ్చుగా అంటారు కొందరు అమాయకులు. ప్రొఫెషనల్ లీగ్ ఆ ముచ్చటా తీర్చుకుంది. కళ్ళెదుటే జరిగిన పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌కి ఫ్లాగ్ పడక న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జట్టుకి జరిగిన ఘోరం చూసి 2019లో అనుమతించారు, ఒక్క సీజన్ కాగానే ఎత్తేశారు. ఎంత స్లో మోషన్‌లో చూపించినా ఎవరి తప్పు వాళ్ళకి కనబడలేదు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళల్లోనూ ఇదే వరస, అబ్బాయికి ఆస్టిన్‌లో సీటు వచ్చేదాకా ఈ ఆట పేరెత్తని నాన్నగారు ఇప్పుడు శనివారం వస్తే "అది పీఐ (పాస్ ఇంటర్‌ఫియరెన్స్) కాదురా, వాడే ముందు తోశాడు" అని సోఫాలోంచి తీర్పులిస్తున్నారు. ఒక్కసారి కూడా తీర్పు టెక్సస్‌కి వ్యతిరేకంగా రాలేదు.

ఇది కొత్త జబ్బేం కాదు, 1951లోనే పరీక్ష చేశారు. ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ జట్లు ఆ ఏడాది మొరటుగా కొట్టుకున్నాయి, ఒకడి ముక్కు, ఇంకొకడి కాలు విరిగాయి. హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు సైకాలజీ వాళ్ళు ఒకే ఫిల్మ్‌ని రెండు కాలేజీల విద్యార్థులకీ చూపించి తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు డార్ట్‌మత్ పిల్లలకి సగటున 4.3 కనబడితే, ప్రిన్స్‌టన్ పిల్లలకి 9.8 కనబడ్డాయి. ఆ ఫిల్మ్ ప్రింటు ఒకటి దూరాన ఉన్న డార్ట్‌మత్ పూర్వ విద్యార్థికి కూడా చేరింది. ప్రిన్స్‌టన్ వాళ్ళు చేశారని తాను విన్న ఘోరాలు ఎంత వెతికినా అందులో దొరక్కపోయేసరికి ఆయన టెలిగ్రామ్ కొట్టాడు: ముఖ్యమైన భాగం కత్తిరించినట్టున్నారు, అది విమానంలో పంపండి, అతికించే సరంజామా మా దగ్గరుంది.