పెట్టెలో ప్రోటోకాల్ ఏదండీ?

మా విజయనగరంలో ఒక చిత్రకళాశాలకి 50 ఏళ్ళు నిండాయి. సంతోషం. కానీ ఆ పండగ వాళ్ళు చేసుకున్న తీరు చూశాక బాధ్యత గల పౌరుడిగా నోరు మూసుకు కూర్చోడం నా వల్ల కాలేదు, అందుకే ఇది రాస్తున్నా, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

ఏం చేశారంటే, పాత విద్యార్థులు, మాస్టార్లు, ఇప్పుడు చదువుతున్న పిల్లలు అందరూ కలిపి 28 మంది, ఒక్కొక్కరూ ఒక్కో ప్రింటు, అంటే పలక మీద బొమ్మ గీసో చెక్కో ఇంకు పట్టించి కాగితం మీద తీసే అచ్చు, చేసి (లోహపు పలకైతే ఎచింగు, లినోలియమైతే లినోకట్టు, చెక్కైతే ఉడ్‌కట్టు, ఎవరిష్టం వాళ్ళది) దాన్ని చేత్తో 30 కాపీలు తీశారు. పంచుకుంటే తలా ఒక పెట్టె, అందులో అందరి ప్రింట్లూ ఉంటాయి. మిగిలిన రెండు పెట్టెల్లో ఒకటి స్కూలుకి, ఒకటి ఎగ్జిబిషన్‌కి. దీన్ని పోర్ట్‌ఫోలియో అంటారట. వినడానికి బానే ఉంది, పెట్టె తెరిచేదాకా.

తెరిస్తే అన్నీ ఒకే సైజండీ! ఇంపీరియల్ షీటుని నాలుగు ముక్కలు చేస్తే వచ్చే 11 బై 15 అంగుళాలు, అందరికీ అంతే. రిటైరైన మాస్టారికీ అంతే, మొన్న చేరిన ఫస్టియర్ పిల్లకీ అంతే. పైగా బైండింగ్ లేదు, పేజీ నంబర్లు లేవు, విడి కాగితాలు. ఎవడు చూసి ఎలా పెడితే అదే వరస. ఇవాళ పైనున్నవాడు రేపు అడుక్కి పోతాడు. ఇదేటి పద్ధతి?

మన దగ్గర ఫ్లెక్సు ఉంది కదా. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను తిరిగే టైముకి మూడు లాంతర్ల నుంచి కోట దాకా చూడండి. పైన గుండ్రాల్లో పెద్దలు, మధ్యలో నిలువెత్తున దండం పెట్టే ఆయన, కింద పాస్‌పోర్టు సైజులో కుర్రాళ్ళు. ఎవడి బుర్ర ఎన్ని అంగుళాలుందో చూసి ఎవడు ఎంత చందా ఇచ్చాడో బస్సు కోసం నిలబడ్డవాడు కూడా చెప్పేస్తాడు. పండగయ్యాక అదే ఫ్లెక్సు గేదెల పాక మీదకెక్కి వానాకాలం అంతా కాపు కాస్తుంది. వీళ్ళో, 30 కాపీలు కాగానే మళ్ళీ ఎవరూ తియ్యకుండా పలక మీద అడ్డంగా గీతలు కొట్టి పాడు చేసేస్తారు! ఫ్లెక్సు షాపువాడు వింటే గుండాగిపోద్ది.

నంబర్ల సంగతి ఇంకా ఘోరం. ప్రతి కాగితం కింద పెన్సిల్‌తో 1/30, 2/30 అని రాస్తారు. నేను ఒకటో నంబరు ఎవరికిచ్చారని అడిగా, న్యాయమైన ప్రశ్నే కదా, ఆర్టీవో ఆఫీసులో 9999 కోసం జనం లక్షలు పోస్తున్న రోజులివి. "ఏదైనా ఒకటేనండి, ఒక్క డ్రైపాయింట్ అయితేనే ముందువి కొంచెం బాగుంటాయి, సూదితో గీసినప్పుడు లేచే అంచు ప్రెస్సులో నలిగి అరిగిపోద్ది" అన్నారు. ఏదైనా ఒకటేట!

ప్రెస్సు గదిలోకి కూడా వెళ్ళి చూశా. జింకు పలక మీద పూత పూసి, సూదితో గీసి, నైట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో పెడితే గీసిన చోటే తినేస్తుంది. ఆ గాడిలోకి ఇంకు కూరి, పైనున్నదంతా గాజుగుడ్డతో తుడిచి, తడి కాగితం వేసి, మీద ఉన్ని దుప్పటి కప్పి చక్రం తిప్పాలి. చక్రం దగ్గర ఎవరున్నారనుకున్నారు, ఆ రిటైరైన మాస్టారే, బనియన్ మీద. ఆ ఫస్టియర్ పిల్ల ప్రింటు తీస్తున్నారు. ఆయన తిప్పుతుంటే ఆ పిల్ల "మాస్టారూ మెల్లిగా, ఆపకండి, మజ్జిలో ఆపితే చార పడిపోద్ది" అని ఆర్డర్లేస్తోంది, ఆయన "అలాగే అమ్మా" అంటున్నారు! తర్వాత ఆ పిల్ల చేతి మసి అంటకుండా రెండు మడత అట్టముక్కల మధ్య కాగితం మూల పట్టుకుని పైకి లేపింది. బొమ్మ తిరగబడి వచ్చింది, పలక మీద ఎడమనున్న చెట్టు కుడివైపుకి పోయింది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఎవరికీ సిగ్గు లేదు.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదులెండి. మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళిన కృష్ణారెడ్డి గారు (1925–2018) పారిస్‌లో అటెలియే 17 అనే ప్రింట్ల స్టూడియోలో చిక్కటి ఇంకు, పల్చటి ఇంకు ఒకే పలక మీద పట్టించి ఒక్క తిప్పుడులో బోల్డు రంగులు తెప్పించే పద్ధతి పెంచి పోషించారు, దేశదేశాల వాళ్ళకి నేర్పారు. లక్ష్మాగౌడ్ గారి ఎచింగుల్లో మేకకీ మనిషికీ ఒకే గౌరవం. అంతెందుకు, శాంతినికేతన్ కళాభవన పెట్టిన 1919లోనే మా ఊళ్ళో సంగీత కళాశాల పెట్టారు, అక్కడైనా పాడేవాడు మధ్యలో, వయొలిన్ పక్కన అని ఒక పద్ధతి ఉంటుందనుకుంటే, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు సోలో కచేరీలు చేసి పక్కనున్న వయొలిన్‌ని మధ్యలోకి తెచ్చేశారు. అప్పుడే ఎవరైనా ఒక కంప్లైంట్ పడేసుంటే ఇవాళ ఇంతదాకా వచ్చేది కాదు.

అదృష్టం కొద్దీ ఉత్సవ కమిటీలో లోకజ్ఞానం ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ముఖ్య అతిథికి 30లో ఏ నంబరిచ్చినా చిన్నతనమేనని ప్రత్యేకంగా 0/30 తియ్యమన్నారు, అలాంటిది ఉండదని పిల్లలు చెప్పబోతే కమిటీ తీర్మానం చూపించారు. స్కూలు పెట్టె బీరువాలో పెట్టి తాళం వేశారు, తాళం క్లర్కు దగ్గరుంది, క్లర్కుకి పార్వతీపురం ట్రాన్స్‌ఫర్ అయింది. ఇక ఎగ్జిబిషన్ రోజు హాల్లో ప్రింట్లు తగిలించిన గోడకి అడ్డంగా 20 అడుగుల ఫ్లెక్సు కట్టారు. ముఖ్య అతిథి మధ్యలో, కమిటీ వాళ్ళు గుండ్రాల్లో, నగల షాపు లోగో బంగారు రంగులో ధగధగలాడుతూ, అడుగున సన్నక్షరాల్లో కళాకారుల పేర్లు. లోగో కొంచెం పెద్దదయ్యి పేర్లు 26 పట్టాయి. తీసేసిన ఇద్దరు ఎవరని అడిగితే, "మాస్టారు ఏమీ అనుకోరండీ, ఆ పిల్ల ఇంకా ఫస్టియరే కదా" అన్నారు.