కొండ మీద రాజకీయం నెయ్యితో మొదలవలేదు

దేవుడిని రాజకీయాల్లోకి లాగొద్దని తిరుమల లడ్డూ కేసులో 2024 సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు అంది. అన్ని పార్టీలూ తలూపాయి, ఏదీ చెవికెక్కించుకోలేదు.

ఆ గొడవ అందరికీ గుర్తే. సెప్టెంబర్ 18న ముఖ్యమంత్రి చంద్రబాబు లడ్డూ నెయ్యిలో జంతు కొవ్వు కలిసిందన్న మాటెత్తారు. కేసు నమోదైంది 25న. దర్యాప్తు తేలకముందే మీడియాకెక్కడమేమిటని కోర్టే అడిగింది. పవన్ కల్యాణ్ దీక్ష పట్టారు, జగన్ గుళ్లలో పూజలకు పిలుపునిచ్చారు. కోట్ల మందికి ప్రసాదం పంచే చోట నెయ్యి కల్తీని పట్టే సొంత ల్యాబ్ అప్పటిదాకా ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం మూలన పడింది.

అసలు రాజకీయం తిరుమల ఆలయాన్ని నడిపే టీటీడీ పాలకమండలిలోనే ఉంది. వైసీపీ హయాంలో ఛైర్మన్లు ఆ పార్టీ నేతలు వైవీ సుబ్బారెడ్డి, భూమన కరుణాకర రెడ్డి. కూటమి రాగానే టీవీ5 అధినేత బీఆర్ నాయుడు. 2021లోనైతే ఏకంగా 52 మందిని ప్రత్యేక ఆహ్వానితులుగా వేస్తే హైకోర్టు ఆపాల్సి వచ్చింది. ప్రభుత్వం తప్పుకుంటే మళ్లీ మహంతుల (ఆలయాన్ని నడిపిన మఠాధిపతుల) రోజులొస్తాయని కొందరి భయం. 1933 దాకా నడిచిన ఆ పెత్తనం తిరిగి రావాలని నేనూ కోరుకోను. కానీ ఆడిట్‌కు, కోర్టుకు జవాబు చెప్పే మండలిలో పార్టీ మనిషే ఉండాలని ఏముంది?

ఉండాలి, ఎందుకంటే కొండ మీద పరపతికి ఓట్లు రాలతాయి. వీఐపీలకిచ్చే బ్రేక్ దర్శనానికి సిఫార్సు చేస్తూ ఎమ్మెల్యే ఇచ్చే లెటర్‌హెడ్ చూడండి: ఆరు పేర్లు, ఆధార్ నంబర్లు, తేదీ, కింద సంతకం. ఆ దర్శనం చేసుకొచ్చిన కుటుంబం ఆ సంతకాన్ని ఐదేళ్లు మర్చిపోదు. నియోజకవర్గంలో రోడ్డు వేయించడం కన్నా ఇదే సులువు, పైసా ఖర్చు లేదు. అందుకే తమ లేఖలూ తీసుకోవాలని తెలంగాణ నేతలు పట్టుబట్టి మరీ 2025 మార్చిలో సాధించుకున్నారు. ఆ విషయంలో మాత్రం పార్టీ భేదాల్లేవు!

మతం పేరుతో ఓటడిగితే ఎన్నిక చెల్లదని చట్టం ఉంది. దర్శనం ఇప్పించి ఓటు రాబట్టుకుంటే అడిగేవాడు లేడు. సిఫార్సు లేని జనం ఎక్కడ ఉంటారో 2025 జనవరి 8న తిరుపతి చూసింది: వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అది లెటర్‌హెడ్ ఉన్నవాళ్లు నిలబడే క్యూ కాదు. సనాతన ధర్మ రక్షణ గురించి మాట్లాడే పార్టీలు ముందు ఆ లేఖల రద్దును మేనిఫెస్టోలో పెట్టాలి.